పేరు కొట్టిన తల్లె

మా మనవరాలి భర్త గజేందర్ మంచివాడే కానీ, ఊళ్ళను చూసే కన్ను మాత్రం అతనికి లేదు. చూడదగ్గ ఊరంటే కోట ఉండాలి, లేకుంటే జలపాతం ఉండాలి, అదీ లేకుంటే ఇప్పుడు ఇక్కడ కట్టినట్టు స్టేడియమన్నా ఉండాలి. ఆ ఏడు అక్టోబరులో, గల్ఫులో వాళ్ళుండే ఊరు అల్ వక్రా వీధుల నిండా జెండాలు కడుతున్నారు. ప్రపంచకప్పు చూడ్డానికి లోకమంతా దిగుతుందన్నారు. బాల్కనీలోంచి అది చూస్తూ, మా బొప్పారానికి కూడా మనుషులు పనిగట్టుకుని చూడ్డానికి వచ్చేవాళ్ళని నేనేదో మాటవరసకు అన్నాను.

"మీ బొప్పారంల ఏమున్నదని వస్తరు అమ్మమ్మా? ఒక కాలేజీ, నాలుగు జిరాక్సు షాపులు, ఒక బస్టాండు. ఇంకో రెండేండ్లయితే జిరాక్సులు గూడ ఉండయి," అని నవ్వి, టిఫిను డబ్బా పట్టుకుని డ్యూటీకి పోయాడు.

ఆ ఇంట్లో జవాబు వినేవాళ్ళు ఎవరు? మనవరాలు విజయరాణి ఆస్పత్రిలో నర్సు. వాళ్ళకు ఐదు నెలల పాప. నా కూతురు పుష్ప అంగన్‌వాడీ టీచరు, దానికి సెలవు దొరకదని నన్ను విమానం ఎక్కించింది. పొద్దున్నే ఇద్దరూ వెళ్ళిపోతే నాలుగో అంతస్తులో నేను, పాప, ఏసీ మోత. కాలేజీ గేటు ముందు ముప్ఫై ఒక్క ఏళ్ళు మెస్సు నడిపినదాన్ని. రోజుకు నూరు నోళ్ళు "బాలవ్వా, బాలవ్వా" అనేవి. కరోనా వచ్చి కాలేజీ మూసినప్పుడు మెస్సుకు తాళం పడింది, మళ్ళీ తియ్యలేదు. ఇక్కడ మధ్యాహ్నం పూట ఏమీ తోచక ఉయ్యాల పక్కన కూర్చుని పాత పిల్లల పేర్లు వరసపెట్టి చెప్పుకునేదాన్ని. ఎవరిది ఏ ఊరు, ఎవరికి చారులో కరివేపాకు తగిలితే కోపం, ఎవరు పరీక్ష రోజు గుడ్డు ముట్టరు, అన్నీ. ఒక్కణ్ణీ మరిచిపోలేదని నాకొక గర్వం. పాప వింటూ వింటూ నిద్రపోయేది.

ఆ నెలలోనే బాత్రూంలో గోడ టైల్సు నాలుగు ఊడి పడ్డాయి. గజేందర్ కట్టడాల కంపెనీలో స్టోరుకీపరు. ఆ కంపెనీ పనివాళ్ళుండే అల్ వుకైర్ క్యాంపు నుంచి ఒక మనిషిని శుక్రవారం సెలవు రోజున పిలుచుకొచ్చి, పని చూపించి, తను పాపను టీకాకు తీసుకుపోయాడు. విజయరాణి కూడా వాళ్ళతోనే వెళ్ళింది. వచ్చినతని పేరు లింబాద్రి. నలభైకి దగ్గర్లో ఉంటాడు. స్టేడియం చుట్టూ నడిచే దారికి రాళ్ళు పరిచే పని. చేతివేళ్ళ చివర్లు సిమెంటు తిని తెల్లబడి ఉన్నాయి. ఏ ఊరని అడిగితే మా బొప్పారానికి రెండు బస్సులు మారితే వచ్చే పల్లె పేరు చెప్పాడు.

ఇంకేముంది. తలుపు దగ్గర స్టూలు వేసుకుని కూర్చున్నాను. గజేందర్ వినని జవాబంతా అతనికి చెప్పాను.

బొప్పారం చూడ్డానికి ఏముందంటే ఏమీ లేదు, అదే దాని అందం అన్నాను. జూన్‌లో ట్రంకు పెట్టెలు మోసుకుంటూ పిల్లలు దిగుతారు, మూడు రోజుల్లో ఊరు రెండింతలవుతుంది. వాళ్ళను దింపడానికి వచ్చిన తండ్రులు సాయంత్రం బస్సుకే పోతామంటారు, రెండు రోజులైనా పోరు. ఎందుకు పోతారు? మంగలి షాపులో సినిమా పుస్తకాలకు బదులు పాత ఫిజిక్సు గైడ్లుంటాయి, గడ్డం గీయించుకుంటూనే వాదించుకుంటారు. పరీక్షల నెలలో పెళ్ళి ఊరేగింపు వస్తే కాలేజీ గోడ దాటే వరకు బ్యాండు వాయించరు. ఎవరూ చెప్పనక్కర్లేదు, డప్పు భుజానికి ఎత్తుకుని మెల్లగా నడిచిపోతారు. ఆఖరి బస్సు డ్రైవరు గేటు ముందు ఆగి హారను మూడుసార్లు కొడతాడు, లైబ్రరీలో ఎవరన్నా ఉంటే పరుగెత్తుకు రావాలని. జుట్టు నెరిసిన ఆఫీసర్లు భార్యాపిల్లల్ని వెంటబెట్టుకుని వస్తారు. వచ్చి ఏం చూపిస్తారు? ఇక్కడ చాయ తాగేవాణ్ణి, ఈ అరుగు మీద చదివేవాణ్ణి, ఇదిగో ఇక్కడ బోర్లా పడ్డాను అని చూపిస్తారు.

పడటమంటే గుర్తొచ్చి హాస్టలు మెట్ల సంగతి చెప్పాను. కొత్త హాస్టల్లో రెండో అంతస్తుకు ఎక్కేటప్పుడు ఏడో మెట్టు మిగతావాటికన్నా ఒక వేలు పొట్టి. తెలియనివాళ్ళు తడబడాల్సిందే. చేరిన రోజు సీనియర్లంతా పైన వరుసగా నిలబడి చూస్తారు. తట్టుకోగానే చప్పట్లు కొట్టి, ఇక నువ్వు బొప్పారం వాడివి అంటారు. ఒకసారి తనిఖీకి వచ్చిన పెద్దసారు కూడా తట్టుకుంటే పిల్లలు ఆగలేక చప్పట్లు కొట్టారు. పాతవాళ్ళు ఊరు చూడ్డానికొస్తే ముందుగా ఆ మెట్టు దగ్గరికే పోతారు.

లింబాద్రి చేతిలోని తాపీ ఆగింది.

"ఆ మెట్టు నేనే ఏసిన అవ్వా," అన్నాడు.

వేళాకోళం అనుకున్నాను. కాదు. హాస్టలు కట్టినప్పుడు ఏడాదిన్నర పాటు దాని వెనక రేకుల షెడ్డులో ఉన్నాడట. అప్పుడప్పుడే పని నేర్చుకుంటున్నాడు. మేస్త్రీ పక్కకు పోయినప్పుడు కొలత తప్పాడు. మేస్త్రీ చెంప మీద ఒకటిచ్చాడు కానీ, మళ్ళీ పగలగొట్టి కట్టే ఓపిక కాంట్రాక్టరుకు లేకపోయింది. మెట్టు అట్లాగే ఉండిపోయింది. ఆ మెట్టు గురించి ఇట్లా ఊరంతా చెప్పుకుంటుందని అతనికి ఆ రోజు దాకా తెలియదు.

నేను నా జ్ఞాపకాల మూటంతా విప్పి వెతికాను. హాస్టలు కట్టడం గుర్తుంది, ఇసుక లారీలు గుర్తున్నాయి, మేస్త్రీ మెల్లకన్ను కూడా గుర్తుంది. ఈ ముఖం లేదు. ఏడాదిన్నర నా మెస్సు ముందు నుంచి నడిచిన మనిషి ముఖం నా దగ్గర లేదు.

ఆ తడబాటు కప్పిపుచ్చుకోవడానికి, స్లాబు వేసిన రోజు విందుకు వండింది నేనే కదా, తిన్నావా అని అడిగాను. తిన్నాడట. ఇసుక కుప్ప మీద కూర్చుని విస్తరాకులో యాట మాంసం కూర తిన్నారట, ఇప్పటికీ మరిచిపోలేదట. సరే, ఇప్పుడు కూడా తిని పొమ్మని లేచాను. ఇప్పుడే తిన్నానన్నాడు. పొద్దున ఏడు నుంచి నా కళ్ళ ముందే ఉన్నవాడు ఎప్పుడు తిన్నట్టు? చేతులు కడుక్కుని, ఉత్త చాయ తాగి వెళ్ళిపోయాడు.

వారం రోజులు అది నన్ను తొలిచింది. మళ్ళీ శుక్రవారం సందుల్లో తెల్ల సిమెంటు నింపడానికి వచ్చాడు. ఆ రోజు పప్పుచారు, గుడ్డు పులుసు చేసి పెట్టాను. పని అయ్యాక మళ్ళీ అదే మాట, ఇప్పుడే తిన్న అవ్వా. నేను తలుపుకు అడ్డంగా నిలబడ్డాను.

"ముప్ఫై ఒక్క ఏండ్లల్ల నా చేతి బువ్వ వద్దన్నోడు ఒక్కడు లేడు. నువ్వొక్కనివే. ఏమైందో చెప్పి పో."

తుండుగుడ్డతో వేళ్ళు తుడుచుకుంటూ చెప్పాడు. చెప్పడానికి సిగ్గుపడ్డాడు గానీ కోపం లేదు. అది స్లాబు విందు తర్వాత వచ్చిన వానాకాలమట. షెడ్డులో పొయ్యి తడిసిపోయింది, వండిపెట్టే మేస్త్రీ భార్య ఊరికి పోయింది. రెండు రోజులు అటుకులు తిని, మూడో రోజు ధైర్యం చేసి నా మెస్సు గడప ఎక్కాడట. లోపల పిల్లలు తింటున్నారు.

"నువ్వు పప్పు గిన్నె పట్టుకోని ఉన్నవ్ అవ్వా. నన్ను జూసి నవ్వినవ్. నీ తల్లె ఏది బిడ్డా అన్నవ్."

"అంతేనా?"

"అంతే. నాకు తల్లె లేదని చెప్పనీకి నోరు రాలే. మర్లి పోయిన."

మా మెస్సు పద్ధతి తెలియనివాళ్ళకు ఇది అర్థం కాదు. తల్లె అంటే మా వైపు భోజనం పళ్ళెం. ఏ పిల్లవాడి తల్లె వాడే తెచ్చుకోవాలి. దాని మీద నేనే మేకుతో చుక్కలు చుక్కలుగా పేరు కొట్టేదాన్ని. గోడ పొడుగునా చెక్కకు మేకులు దిగ్గొట్టి వరసగా వేలాడదీసేవాళ్ళు. తల్లె ఉన్నవాడు మెస్సు పిల్లవాడు. లోపలికి ఎవరొచ్చినా నా నోట వచ్చే మొదటి మాట, నీ తల్లె ఏది బిడ్డా. రా, కూర్చో అన్నట్టే ఆ మాట. నూరు మందికి అది రమ్మనడం. ఒక్కడికి మాత్రం పొమ్మనడం అయింది.

"కోపం గాదు అవ్వా," అన్నాడు చెప్పులు వేసుకుంటూ. "నీ చేతిది తింటే లోపట కూసోనే తినాలె అని అప్పుడనుకున్న. చిన్నతనం. గది అట్లనే ఉండిపోయింది."

మెస్సును ఇక్కడికి తేలేను. తల్లెను తేగలను. గజేందర్ వెంటపడి, ఫరీజ్ బిన్ మహమూద్ అనే పేటలో గిన్నెలు అమ్మే దుకాణానికి తీసుకుపొమ్మన్నాను. పది పళ్ళాలు తట్టి చూసి, మోత సన్నగా వచ్చేది ఒకటి తీసుకున్నాను. ఇంటికొచ్చి బాల్కనీలో మడతపెట్టిన దుప్పటి మీద బోర్లించి, మేకూ రోకటి బండా పట్టుకుని కూర్చున్నాను. నేను బడికి పోయింది రెండో తరగతి దాకానే. నాకు వచ్చిన అక్షరాలన్నీ పిల్లల పేర్ల నుంచి వచ్చినవే. వాళ్ళు చాక్‌పీసుతో తల్లె మీద రాస్తే ఆ గీత మీద మేకుతో నడిచి నేర్చుకున్నాను. ఇప్పుడు రాసిచ్చేవాళ్ళు లేరు. 'ద్రి' దగ్గర చెయ్యి ఆగింది. మోతకు పాప లేస్తుందని విజయరాణి కసురుకుంది గానీ, నా తంటా చూసి కాటుక పెన్సిలుతో తనే రాసిచ్చింది.

ఆ వారంలోనే కంపెనీ పనులు ఆపేస్తున్నారని తెలిసింది. ఆటలు మొదలయ్యే లోపల చాలామందిని ఊళ్ళకు పంపుతున్నారు, లింబాద్రికి ఆదివారం విమానం. మళ్ళీ పిలుస్తారో లేదో ఎవరికీ తెలియదు. అంటే మిగిలింది ఒక్క శుక్రవారం. శుక్రవారం తినడానికి రమ్మని గజేందర్‌తో కబురు పెట్టాను. నీకు తల్లె ఉందని చెప్పమన్నాను. ఆ మాట వినగానే లింబాద్రి నవ్వి, వస్తా అన్నాడట.

బుధవారం పన్నెండున్నరకు గజేందర్ ఫోను చేశాడు. విమానాలు ముందుకు జరిపారట, క్యాంపు వాళ్ళకు మధ్యాహ్నమే బస్సులట. ఆ రోజు విజయరాణికి సెలవు. కుక్కరులో పప్పు, ఒక పొయ్యి మీద అన్నం, ఇంకోదాని మీద గుడ్లు. ఎంత తొందరపడ్డా ఉడికేది తన తీరుగానే ఉడుకుతుంది. టిఫిను క్యారియరూ తల్లే ఒళ్ళో పెట్టుకుని, పాపను విజయరాణి కారు వెనక సీటులో బెల్టు కట్టి పడుకోబెట్టి, అల్ వుకైర్ చేరేసరికి రెండున్నర దాటింది.

గేటు తెరిచే ఉంది. వరండాలో పరుపులు గుట్టగా పోసి ఉన్నాయి. గదుల తలుపులన్నీ బార్లా తెరిచి ఉన్నాయి. ఎవరో మరిచిపోయిన తువ్వాల ఒకటి తీగ మీద ఊగుతోంది. నేపాలీ వాచ్‌మన్ కుర్చీలోంచి లేచి, నా ఒళ్ళోని క్యారియరు చూసి కాస్త జాలిపడ్డాడు.

"సబ్ గయా మాజీ. ఖలాస్," అన్నాడు. అందరూ పోయారట, అయిపోయిందట.

ఆ తెరిచిన తలుపులు చూసి నాకు ఏప్రిల్ చివరి వారం గుర్తొచ్చింది. పరీక్షలైపోయిన మర్నాడు మా హాస్టలు ఇట్లాగే ఉండేది. ఒంటి చెప్పులు, చిరిగిన కాగితాలు, ఎక్కడో కారుతున్న నల్లా. అప్పుడు కూడా గుండె బరువెక్కేది. కానీ జూన్ ఉందని తెలుసు. ఇక్కడ జూన్ ఎవరికని వస్తుంది? అన్నం వాచ్‌మన్‌కు పెట్టాను. అతని పళ్ళెంలోనే పెట్టాను. విజయరాణి కారు వెనక్కి తిప్పింది. తల్లె ఇంటికి తెచ్చి బియ్యం డబ్బా వెనక నిలబెట్టాను.

తర్వాత ఆటలు మొదలయ్యాయి. మా కిటికీ కింది నుంచి ఆట ఉన్న రోజల్లా మనుషులు నదిలా పోయేవారు. ముఖాలకు రంగులు, మెడలో బూరలు, భుజాల మీద పిల్లలు. లింబాద్రి వాళ్ళు పరిచిన రాళ్ళ మీదనే నడుస్తూ అటూ ఇటూ చూస్తూ ఫోటోలు తీసుకునేవారు. చూడ్డానికి బాగానే ఉండేది. ఇంటివాళ్ళకు డ్యూటీలు ఎక్కువయ్యాయి. విజయరాణి రెండు పూటల పని చేసి వచ్చి నిలబడే నిద్రపోయేది. గజేందర్ రేడియోలాగా ఆటల సంగతులు చెప్పి పడుకునేవాడు. అంతమంది కింద పోతుంటే పైన నేను ఇంకా ఒంటరిగా ఉండేదాన్ని. పాత పిల్లల పేర్లు చెప్పుకోవడం కూడా మానేశాను. చెబుతూ చెబుతూ ఒకచోట ఆగిపోయేదాన్ని. ఇంకెందరు గడప దాకా వచ్చి మర్లిపోయారో అనిపించేది. గుర్తున్నవాళ్ళను లెక్కపెట్టగలను గానీ, గుర్తులేనివాళ్ళను ఎట్లా లెక్కపెడతాను?

డిసెంబరు మొదటి వారంలో ఒక మధ్యాహ్నం వీడియో ఫోను మోగింది. తెర నిండా ఒక చెవి. తర్వాత ఫోను వెనక్కి పోతే లింబాద్రి ముఖం, వెనకాల మా కాలేజీ గేటు.

"సూడనీకి వచ్చిన అవ్వా," అన్నాడు.

గజేందర్ దగ్గర నా నంబరు తీసుకున్నాడట. ఏ పనీ లేకుండా వచ్చాడట. ఆ ఊళ్ళో పని లేకుండా నడవడం అదే మొదటిసారట. బస్టాండులో చాయ తాగాడు. మంగలి దగ్గర గడ్డం గీయించుకుని ఎవరిదో వాదన విన్నాడు, ఒక్క ముక్క అర్థం కాకపోయినా ఆఖరి దాకా కూర్చున్నాడు. హాస్టలు వార్డెనుకు ఏమని చెప్పాడో ఏమో, మెట్లు ఎక్కనిచ్చారట.

"ఏడో మెట్టు కాడ నేనే తట్టుకున్న అవ్వా. పోరగాండ్లు చప్పట్లు కొట్టిన్రు."

నవ్వీ నవ్వీ నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ మెట్టు వేసింది నువ్వని చెప్పావా అంటే చెప్పలేదన్నాడు. చెబితే చప్పట్లు కొట్టేవాళ్ళు కాదేమో అన్నాడు.

నేను మెస్సు దగ్గరికి నడవమన్నాను. తాళం చెవి పక్కనే జిరాక్సు షాపు కమాలుద్దీన్ దగ్గర ఉంటుంది. ఫోను అతని చేతికిప్పించి మాట్లాడాను. కమాలుద్దీన్ మారు మాట లేకుండా చెవి ఇచ్చాడు, ఇచ్చి ఊరుకోక ఇంట్లో ఉన్న భార్య జహనారాకు కేక వేసి అన్నం పంపమన్నాడు. తలుపు కిర్రుమంది. బల్లలు ఒకదాని మీద ఒకటి బోర్లించి ఉన్నాయి. గోడకు బల్లి పరుగెత్తింది. కిటికీ పక్కన, పిల్లలు తీసుకుపోకుండా వదిలేసిన తల్లెలు ఏడెనిమిది దుమ్ము పట్టి వేలాడుతున్నాయి.

"మూడో మేకుకు నర్సింగ్ అని ఉంటది, అది తీస్కో బిడ్డా. వాడు లెక్కల్ల తప్పి మొకం చూపియ్యక పోయిండు."

"ఆయన వస్తే?"

"వస్తే కడిగి ఇయ్యి."

నల్లా కింద కడుక్కొచ్చాడు. ఒక బల్ల దించి, కిటికీ వైపు ముఖం పెట్టి కూర్చున్నాడు. ఫోనును ఎదురుగా నీళ్ళ చెంబుకు ఆనించాడు. జహనారా పంపిన అన్నం, ఖట్టీదాల్ అనే పుల్లటి పప్పు వడ్డించుకున్నాడు.

అప్పుడు నేను లేచి బియ్యం డబ్బా వెనక నుంచి తల్లె తీసి తెర ముందు పెట్టాను. అతను కళ్ళు చికిలించి చాలాసేపు చదివాడు.

"ద్రి మంచిగ వచ్చింది," అన్నాడు చివరికి.

నేనూ ఆ తల్లెలోనే ఇంత అన్నం పెట్టుకుని, పొద్దుటి చారు పోసుకుని, ఫోను ముందు కూర్చున్నాను. బొప్పారంలో కాలేజీ గంట కొట్టారు, నాకు వినబడింది. ఇక్కడ కింద ఎవరో బూర ఊదారు, అతనికి వినబడిందో లేదో. నా చేతి వంట కాదు అక్కడ అతను తినేది. వడ్డించడానికి నేను అక్కడ లేను. అయినా అతని పళ్ళెంలో అన్నం తగ్గుతుంటే నా నోరు ఊరుకోలేదు.

"ఇంకింత పెట్టాల్నా బిడ్డా?"

అతను తలెత్తలేదు. నోట్లో ముద్ద ఉండగానే ఎడమచెయ్యి పళ్ళెం మీద అడ్డం పెట్టి, మెస్సు పిల్లలు అన్నట్టే, "సాలవ్వా, సాలు," అన్నాడు.

ఆ అడ్డం పెట్టిన చేతిని చూస్తూ నా ముద్ద నేను కలుపుకున్నాను.